మూడో ప్రశ్న

సోమవారం మొదటి పీరియడ్ అవకుండానే తొమ్మిదో తరగతి పిల్ల కడుపు పట్టుకుని బెంచీ మీద వాలిపోతుంది. టీచరు ఓఆర్ఎస్ కలిపి ఇస్తారు. తగ్గకపోతే గ్యాస్ మాత్ర, అప్పటికీ తగ్గకపోతే ఇంటికి కబురు. నాన్నమ్మ వచ్చి "ఏటైనాదే గుంటా?" అంటూ తీసుకెళ్లి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తుంది. పీహెచ్‌సీలో చూపిస్తే అంతా నార్మల్. వచ్చే సోమవారం మళ్లీ అదే నొప్పి. బడి ఎగ్గొట్టే వేషాలని ఊరు తేల్చేస్తుంది. మన శ్రీకాకుళం జిల్లాలో ఉన్నత పాఠశాల టీచర్లను అడిగి చూడండి, ఇలాంటి పిల్ల ఒకరైనా గుర్తుకు రాకపోరు.

పిల్లల మనసులో ఏముందో తెలుసుకోవడానికి బ్రిటన్‌కు చెందిన రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ఒక ప్రశ్నావళి ప్రచురించారు. అందులో ఉన్నవి పాతిక వాక్యాలే. ఒక్కో వాక్యానికి 'కాదు', 'కొంచెం నిజం', 'నిజమే' అనే మూడింట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. పరిశోధకులు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. అందులో మూడోది, తలనొప్పి, కడుపునొప్పి తరచూ వస్తుంటాయా అని. ఆ జవాబును వాళ్లు కలిపేది భయం, దిగులు లెక్కలో. కడుపునొప్పి వస్తే డాక్టరుకు చూపించాల్సిందే. అయితే రిపోర్టులు బాగున్నాయంటే పిల్ల బాగుందని కాదు.

దిగులుకు కారణాలు ఇక్కడ వెతకక్కర్లేదు. కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానంలో తండ్రిని వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లే ఇళ్లున్నాయి. ఎచ్చెర్ల మండలం తీరంలో వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి నెలల తరబడి రాని తండ్రులున్నారు. 2018 చివర్లో పాకిస్తాన్ పట్టుకున్న మన రాష్ట్ర మత్స్యకారుల్లో ఇరవై మంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అంతకాలం వాళ్ల పిల్లలు క్లాసులో ఏం విన్నారో, ఏం తిన్నారో అడిగిన నాథుడున్నాడా? పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, ఉద్దానానికి మంచినీటి పథకం వచ్చింది. రావాల్సినవే, ఆలస్యంగానైనా వచ్చాయి. కానీ రోగి పక్కన పెరిగే పిల్లలను ఏ పథకమూ లెక్కలోకి తీసుకోలేదు.

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. నలభై మంది ఉన్న తరగతిలో దాదాపు ముగ్గురన్న మాట.

దీనికి మనవాళ్లకు తెలిసిన మందు ఒక్కటే, అవగాహన సదస్సు. ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని అక్టోబరు 10న ఫ్లెక్సీ కడతారు, అతిథులు మాట్లాడతారు, ఫొటో దిగుతారు, పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్లు పంచుతారు. ఆ పిల్ల కడుపునొప్పి 11వ తేదీకి అలాగే ఉంటుంది.

బీహార్‌లోని నలంద జిల్లాలో జరిగిన ఒక పరిశోధనను మన విద్యాశాఖ శ్రద్ధగా చదవాలి. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. డెబ్బైకి పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను మూడు వర్గాలు చేశారు. కొన్నింటిలో ఒక కార్యక్రమాన్ని శిక్షణ పొందిన, టీచరు కాని కౌన్సెలర్ నడిపారు. కొన్నింటిలో అదే కార్యక్రమాన్ని బడిలో ఉన్న టీచరుకే అప్పగించారు. మిగతావి ఎప్పటిలాగే సాగాయి. కార్యక్రమంలో భాగంగా పిల్లలు పేరు రాయకుండా గోడు చెప్పుకునేందుకు బడిలో ఒక పెట్టె పెట్టారు, గోడపత్రిక నడిపారు, కావాలన్న వాళ్లతో విడిగా మాట్లాడారు. కౌన్సెలర్ ఉన్న బడుల్లో దిగులు, తోటిపిల్లల వేధింపులు తగ్గాయి, బడి వాతావరణం మెరుగైంది. టీచర్లు నడిపిన చోట మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు.

అంటే టీచర్లకు మనసు లేదని కాదు, తీరిక లేదు. పాఠాలు, పరీక్షలు, యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు... వీటి మధ్య పిల్ల ఏడుపు వినడం ఇంకో అదనపు డ్యూటీ అవుతుంది. పైగా మార్కులు వేసే మనిషి దగ్గర గుట్టు విప్పడానికి ఏ పిల్లకైనా బెరుకే. రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చి 'కౌన్సెలింగ్ ఇన్‌ఛార్జి' అని కాగితం చేతిలో పెట్టే పద్ధతిని అందుకే మేము వ్యతిరేకిస్తున్నాం.

మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసేందుకు కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఉచితమే, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ప్రతి తరగతి గోడ మీదా రాయించాలి. అయితే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్న చేతిలో ఉంటే ఆ పిల్ల ఎవరికి చేస్తుంది?

ప్రతి ఉన్నత పాఠశాలలో ఒకేసారి కౌన్సెలర్‌ను పెట్టడం కుదరదని అధికారులు అంటారు, నిజమే కావచ్చు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఎచ్చెర్ల మండలాలతో మొదలుపెట్టండి. సైకాలజీయో సోషల్ వర్కో చదివి ఉద్యోగం లేక ఖాళీగా ఉన్న పిల్లలు ఈ జిల్లాలోనే దొరుకుతారు. ఇక్కడి యాస తెలిసిన వాళ్లను తీసుకుని, శిక్షణ ఇచ్చి, జూన్‌లో బడులు తెరిచేసరికి పంపండి. కేసు చేయిదాటేలా ఉంటే ఎవరికి ఫోన్ చేయాలో జిల్లా ఆసుపత్రి డాక్టరు పేరుతో సహా ముందే చెప్పండి. స్టాఫ్‌రూమ్ మూలలో కుర్చీ వేసి ఇదే కౌన్సెలింగ్ కేంద్రం అనొద్దు. ఒక చిన్న గది, రెండు కుర్చీలు, మూసుకునే తలుపు కావాలి.