కన్ఫిగర్ గారూ, అన్నీ ఉన్నాయన్నారు కదా!

మహారాజశ్రీ కన్ఫిగర్ స్క్రిప్టు గారి దివ్య సముఖానికి,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మా వైపు కుశలం లేదు. హైదరాబాద్‌లో కంప్యుటేషనల్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ వెలగబెడుతున్నాను. అణువుల సంగతి తేల్చుకుందామని చేరితే మీ సంగతే తేలడం లేదు.

చాలా సైన్సు సాఫ్ట్‌వేర్ల సోర్సు కోడు దించుకుంటే ఇన్‌స్టాల్ ఫైల్లో మూడే ముక్కలు: కన్ఫిగర్ (మెషీన్‌లో కావాల్సినవి ఉన్నాయో లేదో చూసే తమరు), మేక్ (కోడుని ప్రోగ్రాంగా కట్టేది), మేక్ ఇన్‌స్టాల్ (కట్టినదాన్ని దాని చోట పెట్టేది). రాసినవాళ్ల మెషీన్‌లో ఆ మూడింటితోనే పనైపోయి ఉంటుంది, కాదనను.

మిమ్మల్ని పిలిచీ పిలవగానే విచారణ మొదలు. సి కోడుని ప్రోగ్రాంగా మార్చే సి కంపైలర్ ఉందా? ఉంది. సి ప్రోగ్రాములన్నీ వాడుకునే హెడర్ ఫైలు, ఎస్‌టీడీలిబ్ డాట్ హెచ్ ఉందా? ఉంది. స్ట్రింగ్ డాట్ హెచ్? అదీ ఉంది. అవి లేని లైనక్స్ మెషీన్ ఈమధ్య ఎక్కడైనా తగిలిందా మీకు? 1991లో మిమ్మల్ని పుట్టించే ఆటోకాన్ఫ్ మొదలైనప్పుడంటే ఒక్కో యూనిక్స్‌ది ఒక్కో దారి, అడగడంలో న్యాయం ఉంది. ఇంకా అదే పాట.

మధ్యలో బిల్డ్ వాతావరణానికి మతి స్థిమితంగా ఉందా అని అడిగి, మీరే యెస్ అనుకుంటారు. ఇంతా చేసి మీరు చూసేది, అప్పుడే పుట్టించిన ఫైలు టైము మీ ఫైలు టైము కంటే ముందుందా, వెనకుందా అని. గడియారం సరిగ్గా ఉంటే మతి సరిగ్గా ఉన్నట్టే! రాత్రి రెండింటికి ల్యాబ్‌లో కూర్చుని మిమ్మల్ని రన్ చేసేవాళ్లకి ఈ సర్టిఫికెట్ ఎలా ఇస్తున్నారో మరి.

లేనివాటి విషయంలో మీరు అచ్చం మండలాఫీసు గుమస్తా. జిరాక్సు లేదని వెనక్కి పంపి, అది తెచ్చాక మళ్లీ లైన్లో మొదటినుంచి నిలబెట్టి, ఈసారి ఫొటో లేదంటారు. ఏమేం కావాలో ఒకేసారి చెప్తే మీ సొమ్మేం పోయింది? ఫోరియర్ లెక్కలు చేసే లైబ్రరీ ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ లేదంటారు. లైబ్రరీ ఉంది కదండీ అంటే, హెడర్ ఫైలు లేదంటారు. ఉబుంటులో అది చివర డెవ్ అని ఉండే వేరే ప్యాకేజీలో కూర్చుని ఉంటుంది. అది వేయాలంటే సుడో, అంటే అడ్మిన్ అధికారం కావాలి. అందరూ పంచుకునే కంప్యూటర్ల గుంపు, అదే క్లస్టర్‌లో మాకు సుడో ఇవ్వరు. అడ్మిన్ గారికి పెట్టిన మెయిళ్ల కథ ఇంకో లేఖ. కాబట్టి దాన్ని కూడా సోర్సు నుంచే హోమ్ డైరెక్టరీలో కట్టుకోవాలి. తీరా చూస్తే దానికీ ఓ కన్ఫిగర్! మీది పెద్ద కుటుంబమే.

ఇంకోటి. ‘సి కంపైలర్ ఎగ్జిక్యూటబుల్స్ తయారు చేయలేదు’ అంటారు. ఎంత మాట! నిమిషం క్రితం హలో వరల్డ్ కట్టిన కంపైలరే కదా అది. అసలు జరిగిందేమిటంటే, కంపైలర్‌కి ఇచ్చిన ఫ్లాగ్స్‌లో, అంటే ఆప్షన్లలో, దొరకని లైబ్రరీ పేరొకటి ఉంది. వాటితో మీరో చిన్న ప్రోగ్రాం లింక్ చేయబోయారు, కుదరలేదు. ఆ ముక్క మీ చిట్టా ఫైలు కాన్ఫిగ్ డాట్ లాగ్‌లో శుభ్రంగా రాసుకున్నారు కూడా. స్క్రీన్ మీద మాత్రం కంపైలర్ పరువు తీశారు. పోనీ లాగ్ చివర చూద్దామంటే, చివరంతా వేరియబుల్స్ జాబితా, పేజీలకు పేజీలు. అసలు ఎర్రర్ దానికి పైన ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది.

ఇవన్నీ క్షమించొచ్చు. లేదని ఆగిపోయినప్పుడు మీతో పెద్ద ఇబ్బంది లేదు, తిట్టుకుని వెతుక్కుంటాం. అన్నీ ఉన్నాయని పంపించినప్పుడే కొంప మునుగుతోంది. అణువుల లెక్కలు చేసే క్వాంటమ్ ఎస్ప్రెస్సోతో వచ్చే మీ అవతారాన్నే చూడండి. ఒకే లెక్కని చాలా కోర్లు పంచుకునేలా చేసే ఎంపీఐ దొరక్కపోతే మీరు ఆగరు. ‘ఇది ఒకే ప్రాసెసర్ ఉన్న మెషీనా?’ అని ఎంతో అమాయకంగా ఒక లైను వేసి, పంచుకోవడం రాని సీరియల్ బిల్డ్‌కి ఏర్పాట్లు చేసి, చివర ‘సక్సెస్’ అని సెలవు తీసుకుంటారు. అన్ని లైన్ల మధ్య ఆ ప్రశ్న ఎవరి కంట పడుతుంది? మేక్ కూడా కిమ్మనకుండా అయిపోతుంది. కొత్తగా చేరిన స్టూడెంట్ సంబరంగా ఎంపీఐరన్‌తో 16 కోర్ల మీద ఎస్ప్రెస్సోలోని అసలు ప్రోగ్రాం, పీడబ్ల్యూ డాట్ ఎక్స్‌ని వదులుతాడు. ఆ 16 కలిసి లెక్కని పంచుకోవు. ఒకే లెక్కని దేనికది మొదటినుంచీ చేస్తూ, ఒకే ఫోల్డర్‌లో ఒకదాని ఫైళ్ల మీద ఇంకోటి రాసేస్తుంటాయి. ఔట్‌పుట్‌లో ఒక్కో లైను పదహారేసి సార్లు. కోటాలోంచి కోర్ అవర్లు మాత్రం 16 కోర్లకీ కోసేస్తారు.

మాట్రిక్సుల లెక్కలు చేసే లైబ్రరీ బ్లాస్ దగ్గరా ఇదే ధోరణి. వేగంగా నడిచేది దొరక్కపోతే, ప్యాకేజీతో వచ్చిన సొంత కాపీ పెట్టేసి ఊరుకుంటారు. జవాబు సరిగ్గానే వస్తుంది, కాకపోతే నత్తనడకన. గైడ్ గారు మాత్రం స్టూడెంటే నిదానం అనుకుంటారు.

అడిగేది పెద్ద కోరికేం కాదు. ఏది దొరకలేదో, దాని బదులు ఏం పెట్టారో, ఆ సక్సెస్ అనే మాటకి ముందు నాలుగు లైన్లలో చెప్పండి. ఎంపీఐ లేకపోతే మాత్రం అక్కడే ఆగండి. తిట్లు మేం పడతాం.

ఇట్లు,
సుడో లేక హోమ్ డైరెక్టరీలోనే కాపురం పెట్టిన ఓ పరిశోధక విద్యార్థి

తా.క.: మీరు పాతవారని ఈమధ్య చాలామంది మీ పనే చేసే సీమేక్ గారి వైపు వెళ్తున్నారు. పొంగిపోయి మేమూ వెళ్లాం. మొదటిసారి దొరికిన తప్పుడు లైబ్రరీని ఆయన క్యాష్ ఫైల్లో రాసుకుని, బిల్డ్ ఫోల్డర్ మొత్తం పీకేసేదాకా దాన్నే పట్టుకుని కూర్చున్నారు. మీవాళ్లేనా?