లాయరుకి సుత్తి బహుమతి!

నా పుట్టినరోజని అన్నయ్య ఇవాళ ఓ పెట్టె పట్టుకొచ్చాడు. విప్పితే వార్నిష్ కొట్టిన చెక్క సుత్తి, కింద గుండ్రటి దిమ్మ, పిడి మీద బంగారు రంగులో నా పేరు. "జడ్జీలు కొడతారే, గావెల్! నీకు పనికొస్తుంది."

ఎవరు కొడతారయ్యా? పంతొమ్మిదేళ్లుగా నల్లకోటు వేసుకుని తిరుగుతున్నాను. పొద్దున్నే కేసులు పిలిచే కాల్ వర్క్ నుంచి వాయిదా తేదీ రాసుకునేదాకా రోజూ చూసేదే, ఏ జడ్జి బల్ల మీదా సుత్తి లేదు. గుమ్మంలో అటెండరు గొంతు చాలదూ? మనకి కోర్టులు నేర్పిన ఇంగ్లండులోనూ జడ్జీలు సుత్తి కొట్టరు. అది అమెరికా అలవాటు. సినిమాల్లో "ఆర్డర్ ఆర్డర్" అని బాదీ బాదీ, నా క్లయింట్లు కూడా దానికోసం వెతుక్కునేలా చేశారు.

అక్కడితో ఆగాడా? భోజనాల దగ్గర ఉపన్యాసం. గావెల్ మన "గావుకేక" నుంచి వచ్చిందట! వదిన తలూపింది. 1800ల తొలినాళ్లలో అమెరికా ఇంగ్లీషులో కనిపించిన మాట అది. ఎక్కడ పుట్టిందో నిఘంటువులే తేల్చలేదు. మా అన్నయ్య పప్పు కలుపుకునేలోపు తేల్చేశాడు. మన గొప్పే కావాలంటే నిజమైనది ఉందిగా: 1954లో అమెరికా సెనేట్ దంతపు సుత్తి అప్పటి ఉపాధ్యక్షుడు నిక్సన్ చేతిలో విరిగితే, మన దేశం తరఫున కొత్తది ఇచ్చింది సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. దానికి పిడి కూడా ఉండదు. చెప్పబోతే "సుత్తి ఆపవే" అన్నాడు. సుత్తి తెచ్చినవాడు!

ఇంకో గావెల్ ఉంది, పాత ఇంగ్లీషులో శిస్తు అని. దాన్నుంచే గావెల్‌కైండ్. కెంట్ ప్రాంతంలో వీలునామా లేకుండా తండ్రి పోతే భూమి కొడుకులందరికీ సమానంగా పంచే ఆచారం. 1925 చట్టంతో పోయింది. కూతుళ్లకా? కొడుకులుంటే సున్నా. ఇది మాత్రం అన్నయ్యకి ఎవరూ నేర్పకుండానే వచ్చు. మన దగ్గర 1985 నుంచే పెళ్లికాని ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా, 2005 నుంచి దేశమంతటా కూతుళ్లందరికీ. అయితేనేం? నాన్న చనిపోయిన ఏడాది రిజిస్ట్రారాఫీసు బెంచీ మీద కూర్చోబెట్టి "ఊరికే ఫార్మాలిటీ అమ్మా" అని వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టించుకున్నదెవరు? ఊళ్లో ఆడవాళ్లందరికీ పెట్టొద్దని చెప్పే నేనే పెట్టాను. ఎకరం పాతిక సెంట్ల కొబ్బరితోటకి బదులు ఓ వెంకటగిరి చీర, జాకెట్ ముక్క. ఇప్పుడు సుత్తి.

వాళ్లు వెళ్లాక దాంతో కొబ్బరికాయ కొట్టాను. వదిన సంచీలో తెచ్చింది, ఆ తోట కాయే. పిడి ఊడొచ్చింది.