ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ: ఒకే కప్పు, ముగ్గురు యజమానులు

మూతపడ్డ ఫ్యాక్టరీ గురించి మాట్లాడితే చాలు, తప్పంతా కార్మికుల మీదకు నెట్టేయడం అలవాటైపోయింది. ఆ మాట అనేవాళ్లు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కార్ల ఫ్యాక్టరీ కథ ఒకసారి చూడాలి.

అది 1962లో జనరల్ మోటార్స్ కట్టుకున్న ప్లాంటు. ఇరవై ఏళ్లకే, 1982లో మూసేసింది. డ్యూటీకి ఎగనామం పెట్టేవాళ్లు, గొడవలు, నాసిరకం కార్లు... కంపెనీలోనే దానికి చెడ్డపేరు. కార్లు వరసగా తయారవుతూ కదిలే లైన్ మాత్రం ఆగకూడదు. తప్పు కళ్లెదుట కనిపిస్తున్నా బండిని ముందుకు పంపేయాలి, రిపేరు తర్వాత చూసుకోవాలి. ఇలాంటి చోట పని మీద ప్రేమ ఎక్కణ్ణుంచి పుడుతుంది?

1984లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి 'నుమ్మి' పేరుతో దాన్ని మళ్లీ తెరిచాయి. అదే షెడ్డు, అదే యూనియన్. పనిలోకి తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లే. కొందరిని జపాన్ పంపి ట్రైనింగ్ ఇప్పించారు. లైన్ పొడవునా ఒక తాడు కట్టారు. బోల్టు సరిగా బిగియకపోయినా ఎవరైనా సరే ఆ తాడు లాగొచ్చు. వెంటనే టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు. అప్పటికీ సర్దుబాటు కాకపోతే లైన్ ఆగుతుంది. లాగినందుకు తిట్లు ఉండవు. కొద్ది కాలానికే అక్కడి కార్ల నాణ్యత జపాన్ ప్లాంట్లతో పోటీపడే స్థాయికి చేరింది, గైర్హాజరు బాగా తగ్గింది. మనుషులు మారలేదు, వాళ్లను చూసే చూపు మారింది. నా దృష్టిలో ఈ కథకు ప్రాణం ఆ తాడే.

2009లో దివాలా తీసిన జనరల్ మోటార్స్ పక్కకు తప్పుకుంది. ఒక్కతే నడపడానికి టయోటా ఇష్టపడలేదు. 2010 ఏప్రిల్ 1న చివరి కరోలా బయటికొచ్చింది. సుమారు 4,700 మంది రోడ్డున పడ్డారు. ఈసారి వాళ్ల మీద వేయడానికి ఏ నిందా లేదు. కార్లు బాగానే చేశారు, అయినా ఉద్యోగాలు పోయాయి. ఇది నాకు మొదటి మూతకన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది.

అదే ఏడాది టెస్లా ఆ ప్లాంటును 4.2 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అంత పెద్ద కార్ల ప్లాంటుకు ఇది కారుచౌక ధర. 2012 జూన్‌లో అక్కడ తయారైన మోడల్ ఎస్ కార్లు కొన్నవాళ్ల చేతికి అందడం మొదలైంది. పాతవాళ్లలో కొందరికి మళ్లీ అక్కడే పని దొరికింది, కానీ యూనియన్ లేకుండా, కొత్తగా చేరిన ఉద్యోగుల్లాగే.