విజిటింగ్ సైంటిస్టు వెళ్లిపోయాక

ట్యూబు అడుగున, రక్తకణాలను పొరలుగా విడదీసే ఫైకాల్ ద్రవం ఉంటుంది. దాని మీదికి రక్తాన్ని గోడ వెంట నెమ్మదిగా జార్చాలి. రెండూ కలవకూడదు. ట్యూబును గిరగిరా తిప్పే యంత్రం సెంట్రిఫ్యూజ్‌కి బ్రేక్ తీసేసి తిప్పాలి, లేకపోతే ఆగేటప్పుడు పొరలు చెదిరిపోతాయి. అంతా కుదిరితే మధ్యలో పల్చటి తెల్లని వలయం కనిపిస్తుంది. మనకు కావాల్సిన రోగనిరోధక కణాలు అందులోనే ఉంటాయి. ప్రొటోకాల్ కాగితంలో ఇదంతా రెండు లైన్లు. చేయి తిరగాలంటే మాత్రం తెలిసినవాళ్లు పక్కన నిలబడి 'ఇంకాస్త నిదానంగా పొయ్యమ్మా' అనాలి.

విదేశాల నుంచి వచ్చే శాస్త్రవేత్తల వల్ల మన యూనివర్సిటీ విద్యార్థులకు దక్కాల్సింది ఇలాంటి సాయం. ఎక్కువగా దక్కుతున్నవి ఉపన్యాసాలు. విదేశీ అధ్యాపకులను రప్పించడానికి కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన గ్యాన్ పథకమే చూడండి, ఒకటి రెండు వారాల కోర్సు, గంటల లెక్కన గౌరవ వేతనం. 2017లో వచ్చిన వజ్ర పథకం నయం. ఏడాదికి నెల నుంచి మూడు నెలల దాకా ఇక్కడి బృందంతో కలిసి పరిశోధన చేయాలని అందులో పెట్టారు. రోగనిరోధక వ్యవస్థను చదివే ఇమ్యునాలజీకి అదీ బొటాబొటీయే.

ఈ శాస్త్రంలో గడువులు పెట్టేది శరీరం. ఎలుకకు యాంటిజెన్, అంటే రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపే పదార్థం, ఇచ్చాక రెండు మూడు వారాలు ఆగి బూస్టర్ ఇవ్వాలి. మళ్లీ కొన్నాళ్లకు రక్తం తీసి, యాంటీబాడీలను కొలిచే ఎలైజా పరీక్ష చేయాలి. పాత శత్రువును గుర్తుపెట్టుకునే మెమరీ కణాల సంగతి తేలాలంటే నెలలు పడుతుంది. రెండు వారాల అతిథి మొదటి ఇంజెక్షన్ చూసి విమానం ఎక్కేస్తారు. ఫలితం అర్థంకాక విద్యార్థి తల పట్టుకున్న రోజున ఆయన అక్కడ ఉండరు. పైగా ఎలుకలతో పనంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, పరీక్షలకు వాడే యాంటీబాడీలు చల్లదనం పోకుండా విదేశాల నుంచి రావాలి. అతిథి వెళ్లిన నాలుగో రోజున చేరిన పార్శిల్‌ని నేను చూశాను. థర్మాకోల్ పెట్టె మూత తీసి, లోపల ఐస్ ప్యాకులు మెత్తబడిపోయి ఉంటే ఏమీ మాట్లాడకుండా నిలబడిపోయిన అమ్మాయినీ చూశాను. ఆ టెన్షన్‌కి ఏ ఉపన్యాసమూ మందు కాదు.

పక్కపక్కన రోజూ పనిచేస్తే ఏమవుతుందో చూడండి. 1973లో స్విట్జర్లాండ్ నుంచి రోల్ఫ్ జింకర్నాగెల్ అనే శాస్త్రవేత్త ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాకు వెళ్లారు. చోటు చాలక ఆయన్ని పీటర్ డోహర్టీ ల్యాబులో సర్దారు. టీ కణాలు (వైరస్ సోకిన కణాలను చంపే రోగనిరోధక కణాలు) వైరస్‌తో పాటు సొంత కణాల గుర్తునూ పోల్చుకుంటేనే దాడి చేస్తాయని అక్కడే ఇద్దరూ కనిపెట్టారు. 1996లో నోబెల్ వచ్చింది. ఒకే ల్యాబులో, రోజూ, రెండేళ్లకు పైగా చేసిన పని అది.

మనవాళ్లకు రెండేళ్లు దొరక్కపోవచ్చు. కానీ అతిథి టికెట్ కొనకముందే అనుమతులు, యాంటీబాడీలు సిద్ధంగా ఉంచడం మన చేతిలో పనే. రాకను రెండు దఫాలు చేయాలి. మొదటిసారి ఎలుకలకు ఇంజెక్షన్ ఇచ్చే వారం, రెండోసారి డేటా చేతికొచ్చిన వారం. మధ్యలో ప్రతివారం వీడియో కాల్, అదీ విభాగాధిపతితో కాదు, పిపెట్ పట్టుకున్న విద్యార్థితో.