పద్దు పుస్తకం ముందు నిలిచే స్నేహం

మన సంఘంలో కొత్తగా స్థిరపడుతున్న యువకులు ఈ మధ్య నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు: స్నేహితుడితో కలిసి వ్యాపారం పెట్టవచ్చునా అని. పెద్దలు చాలామంది వద్దనే చెబుతారు, డబ్బు మధ్యకు వస్తే స్నేహం మిగలదని వారి అనుభవం. ఒకే మిత్రుడితో 24 ఏళ్లుగా కలిసి నడుస్తూ, మూడు పనులు మొదలుపెట్టి, వాటిలో ఒకదానిలో బాగా నష్టపోయినవాడిగా నేను చెప్పేది ఒక్కటే. ఆ స్నేహం ఎక్కడ పుట్టిందో ముందు చూసుకోండి. పనిలో పుట్టి, పనిలో పరీక్షకు నిలిచిన స్నేహమైతే ధైర్యంగా అడుగు వేయండి.

మా పరిచయం 2001లో అమెరికాలోని డల్లాస్ పక్కనున్న రిచర్డ్‌సన్‌లో, ఒక టెలికాం సంస్థలో జరిగింది. నాది తెనాలి, వారిది కరీంనగర్. మేమిద్దరం ఒకే బృందంలో ఉన్నా మొదటి ఆరు నెలలు పని మాటలు తప్ప వేరే మాటలు లేవు. ఒక రాత్రి నేను రాసిన ప్రోగ్రాం వల్ల బిల్లింగ్ వ్యవస్థ నాలుగు గంటలపాటు ఆగిపోయింది. టెలికాం రంగమంతటా వారం వారం ఉద్యోగాలు ఊడుతున్న రోజులవి. మరునాడు ఉదయం సమావేశంలో నేను నోరు తెరిచేలోపే ఆయన లేచి, "రాసింది వారు, సరిచూసి సరేనని సంతకం పెట్టింది నేను, తప్పు ఇద్దరి కంటా పడలేదు" అన్నారు. తన వంతు తప్పును తగ్గించుకోలేదు, నా వంతును దాచలేదు. ఈయనతో ఏ పనైనా చేయవచ్చునని నాకు ఆ క్షణంలోనే అనిపించింది. ఇన్నేళ్లయినా మేము ఒకరినొకరం "మీరు" అనే పిలుచుకుంటాం, ఆ పిలుపులో దూరం ఉందని మాకు ఏనాడూ తోచలేదు.

పరాయి దేశంలో మన స్నేహాలు ఎక్కువగా వనభోజనాలలో, పుట్టినరోజు విందులలో, ఒకే ఊరివాళ్లమన్న సంబరంలో మొదలవుతాయి. అవి లేకపోతే ఇక్కడ బతుకు ఎంత వెలితిగా ఉండేదో నాకు తెలుసు, వాటిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే విందు దగ్గర ఎవరైనా తమలోని మంచినే చూపుతారు. గడువు మీద పడినప్పుడు మనిషి ఎలా ఉంటాడో, పరాయి సొమ్ము చేతిలో ఉన్నప్పుడు ఎంత జాగ్రత్త పడతాడో, తప్పు జరిగితే ఎవరి వైపు వేలు చూపుతాడో పని దగ్గరే తెలుస్తుంది. భాగస్వామి గురించి మనకు కావలసిన సమాచారం నూటికి తొంభై పాళ్లు అదే.

తెనాలివాణ్ణి కాబట్టి నేను మా ఊరి రచయిత, సినీ నిర్మాత చక్రపాణి గారి గురించి వింటూ పెరిగాను. ఆలూరి వెంకట సుబ్బారావు అన్న అసలు పేరుగల ఆయన, మదనపల్లె శానిటోరియంలో క్షయకు చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకొని, బెంగాలీ రచయిత శరత్‌బాబు నవలలను తెలుగులోకి తెచ్చారు. 1945లో వచ్చిన "స్వర్గసీమ"కు మాటలు రాయడానికి మద్రాసు వచ్చినప్పుడు, ఆ చిత్ర దర్శకులు బి.ఎన్. రెడ్డి గారి తమ్ముడు, ముద్రణాలయం నడుపుతున్న నాగిరెడ్డి గారితో సాన్నిహిత్యం ఏర్పడింది. ఒకరు కాగితం మీద రాసేవారు, మరొకరు కాగితం మీద అచ్చు వేసేవారు. ఆ స్నేహంలోనుంచే 1947 జూలైలో "చందమామ" వచ్చింది, సినిమాలు తీసే విజయా సంస్థ పుట్టింది, 1950లో "షావుకారు" వచ్చింది. కథ విషయంలో చివరి మాట చక్రపాణి గారిదనీ, నిర్వహణ భారం నాగిరెడ్డి గారిదనీ చెప్పుకొనేవారు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది 1954 నాటి సంగతి. భారీ ఖర్చుతో తీసిన "చంద్రహారం" ఆ ఏడు దెబ్బతిన్నది. చాలా భాగస్వామ్యాలు సరిగ్గా అలాంటి చోటనే తెగిపోతాయి. వారిద్దరూ మాత్రం మరుసటి ఏడు జనవరిలో "మిస్సమ్మ"తో ప్రేక్షకుల ముందుకు వచ్చారు. 1975లో చక్రపాణి గారు కన్నుమూసేవరకు, సుమారు 30 ఏళ్లపాటు ఆ జంట విడిపోలేదు.

మా మొదటి పని వారి పనులతో పోల్చదగినది కాదు, దోసెల పిండి వ్యాపారం. హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నంతకాలం సొంత సంస్థలో పనిచేయడం అప్పట్లో చాలా కష్టం గనుక, గ్రీన్‌కార్డులు వచ్చేదాకా ఆగి, 2009లో లైసెన్సు ఉన్న ఒక వంటగదిని గంటల లెక్కన అద్దెకు తీసుకొని, కోయంబత్తూరు గ్రైండర్లు తెప్పించాం. ఆగస్టు నెలలో ఒక రాత్రి శీతల గది పనిచేయడం మానేసింది. తెల్లవారుజామున వెళ్లి చూస్తే పిండి పులిసి, పొంగి, మూతలను నెట్టుకొని అరల మీదుగా నేలకు కారుతోంది. నాకు కాళ్లు ఆడలేదు. ఆయన తడి చేతులు తుడుచుకొని, ముందు పద్దు పుస్తకం తీసి, "పిండి, 46 డబ్బాలు, పారబోత" అని రాసి, నా చేత సంతకం పెట్టించి, తానూ పెట్టి, ఆ తరువాతే బకెట్టు అందుకున్నారు. రెండేళ్లకు ఆ వ్యాపారం మూసేశాం. నష్టం చెరిసగం పంచుకోవడానికి అరగంట కూడా పట్టలేదు, లెక్కంతా ఆ పుస్తకంలో ఉంది.

పిండి డబ్బాలు చేరవేయడానికి మన కిరాణా దుకాణాలకు తిరిగినప్పుడే, ఏ సరుకు ఎంత మిగిలిందో, దేని గడువు ఎప్పుడు తీరుతుందో యజమానులకు తెలియక పడుతున్న అవస్థ చూశాం. దానికోసం రాసిన సాఫ్ట్‌వేర్ మా రెండో పని, నేటికీ నడుస్తోంది. మూడోది, వారాంతాలలో పిల్లలకు తెలుగు నేర్పే బడి. అందులో లాభం ఆశించలేదు.

స్నేహం గట్టిదైనా ఒప్పందం రాసుకోవాలని నేను పట్టుబట్టి చెబుతాను. సగం సగం వాటాలతో ఎల్ఎల్‌సీ, అంటే యజమానుల బాధ్యతకు పరిమితి ఉండే సంస్థ, పెట్టుకున్నవారు, అభిప్రాయభేదం వస్తే చివరి మాట ఎవరిదో ఆపరేటింగ్ అగ్రిమెంటులో, అంటే సంస్థ నడిపే తీరు రాసుకునే ఒప్పందంలో, రాసుకోకపోతే, చిన్న విషయానికే పని ఆగిపోతుంది. మా పత్రంలో లెక్కల విషయం వారిది, ఖాతాదారుల విషయం నాది. ఒకరు తప్పుకోదలిస్తే రెండోవారు వాటాను ఏ లెక్కన కొనాలో కూడా రాసి ఉంది. మాట అనుకున్నాం కదా, కాగితం ఎందుకు అనడం స్నేహం మీద మోయలేని బరువు పెట్టడమేనని నేను నమ్ముతాను.

మాలో ఒకరు కాలం చేస్తే ఏమిటన్న సంగతి మాత్రం ఇన్నేళ్లూ రాయకుండా వదిలేశాం. పోయిన నెల ఆ లోపం సరిదిద్దుకోవడానికి రెండు కుటుంబాలూ మా ఇంట్లో కూర్చున్నాం. పాత కాగితాలతోపాటు ఆయన ఆ పద్దు పుస్తకాన్నీ తెచ్చారు. పుట తిప్పిన మా ఆవిడ, ఎండి అట్టకట్టిన పిండి మరకను వేలితో తడిమి, "ఇది ఇంకా దాచారా అన్నయ్యగారూ?" అని అడిగింది.

"మీవారి సంతకం ఉందమ్మా అందులో, ఎలా పారేస్తాను?" అన్నారాయన.