ఆ బోరు మెసేజ్ నాకు ఇంకోసారి పంపకండి

ఈ వారం నాలుగు గ్రూపుల్లో వచ్చింది, నిన్న మా తోడల్లుడు కూడా పంపాడు. "మన స్థలం మన ఇష్టం! ఇంటి చెట్లకు వేసే బోరుకు పర్మిషన్ అక్కర్లేదు, సెట్‌బ్యాక్ రూల్ గోడలకే, 300 అడుగుల లోతు కాబట్టి సెప్టిక్ ట్యాంకు పక్కనున్నా ఏం కాదు, నీళ్లు పడకపోతే రాయి పెట్టి వదిలేయండి." కింద నాలుగు దండాలు.

పర్మిషన్ సంగతి: 2002 వాల్టా చట్టం, అదే నీరు, భూమి, చెట్ల చట్టం, మీ జామచెట్టుకు వేరు, వరికి వేరు అనదు. మీసేవలో దరఖాస్తు పెట్టండి. దగ్గర్లో, అంటే 250 మీటర్ల లోపు, ఊరందరూ తాగే బోరుందేమో ముందే చూసుకోండి. అంతే.

సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) విషయంలో మాత్రం రాసినాయన కరెక్టే, ఒప్పుకుంటున్నా. ఆ ఖాళీ జాగాలో బోరు వేస్తే తప్పేం లేదు, అసలు వేయాల్సిందే అక్కడ. కాకపోతే ఇల్లు కట్టాక బోరు బండి లోపలికి రాదు. పైన ఆకాశం కూడా కనబడాలి. హన్మకొండలో మా దోస్తు ఒకాయన బోరు మీదుగా పోర్టికో స్లాబు పోశాడు, ఎండాకాలం మోటారు కాలితే ఇరవై అడుగుల పైపులు పైకి లాగడానికి ఆ స్లాబుకే బొక్క కొట్టించాడు.

ఇక సెప్టిక్ ట్యాంకు. సార్, మన వరంగల్ కింద ఉన్నది గ్రానైటు. కేసింగ్, అంటే బోరు గోడకు వేసే పైపు, గట్టిరాయి తగిలేదాకే దింపుతారు, ఆ కింద మూడొందలైనా ఐదొందలైనా వట్టి రాతి రంధ్రమే, నీళ్లు వచ్చేది రాతి పగుళ్లలోంచి. పైనున్న మురుగు ఆ పగుళ్లు పట్టుకున్నా, కేసింగ్ చుట్టూ వదిలేసిన సందులోంచి జారినా, మీ లోతు ఏం అడ్డుకుంటుంది? సెప్టిక్ ట్యాంకు మురుగు నేలలోకి ఇంకిపోయే గుంతకూ తాగునీటి బావికీ మధ్య 18 మీటర్లు ఉండాలని ప్రమాణాలు చెబుతున్నాయి. 18 మీటర్లంటే 59 అడుగులు. 30 బై 45 స్థలం, అదే మన 150 గజాలు, ఈ మూల నుంచి ఆ మూలకు టేపు పట్టినా 54 అడుగులే! అంటే ఆ ప్లాటులో ఆ దూరం పాటించడం కుదరనే కుదరదు. మా ఇంట్లోనూ కుదరలేదు, అందుకే ఆ నీళ్లు చెట్లకు, బాత్రూముకు, తాగడానికి నల్లా నీళ్లే. పైగా వాస్తు ప్రకారం మన బోరు ఈశాన్యంలో, తూర్పు పక్కింటాయన సెప్టిక్ ట్యాంకు ఆయన వాయవ్యంలో. ఆ రెండు మూలలూ ఒకే గోడకు అటూ ఇటూ. ఇద్దరికీ వాస్తు బ్రహ్మాండంగా కుదిరింది.

రాయి పెట్టమన్న మహానుభావుడికి: 2020 మేలో మెదక్ జిల్లా పోడ్చన్‌పల్లిలో, కొత్తగా వేసి నీళ్లు పడక వదిలేసిన బోరులో మూడేళ్ల బాబు పడి చనిపోయాడు. పనికిరాని బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చాలని, వాడే బోరుకు స్టీలు ప్లేటు వెల్డింగైనా చేయాలని, బోల్టులతో మూతైనా బిగించాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. రాయిని పిల్లలు జరుపుతారు.

ఇదంతా మా తోడల్లుడికి పంపితే, "ఇవన్నీ సరే గానీ అన్నా, మా బోరు పాయింట్ ఎట్లుందో చూడు" అని ఫొటో పెట్టాడు. సున్నంతో గీసిన గుండ్రం, మధ్యలో కొబ్బరికాయ, వెనక ప్రహరీ. ప్రహరీ అవతల పక్కింటి వాళ్ల సెప్టిక్ ట్యాంకు గొట్టం, మూతికి దోమల జాలీ కట్టి, నిటారుగా.