వెనక అంగుళం లేపుట: ఒక విధాన ప్రకటన

పాత బైకుల వెనక భాగానికి ఇన్నేళ్ళుగా జరుగుతున్న అన్యాయం మీద ఎవరో ఒకరు నోరు విప్పాలి కాబట్టి నేనే విప్పుతున్నా. ముందువైపుకి కొత్త హెడ్‌లైట్ అంటారు, కొత్త హ్యాండిల్ అంటారు, అద్దాలు అంటారు, వెనక మాత్రం ఆ పాత షాకబ్జార్బర్లు ఆయిల్ కార్చుకుంటూ చతికిలపడి ఉంటాయి, పట్టించుకునే నాథుడు ఉండడు. నా బండీ అంతే, పక్కనుంచి చూస్తే గేదె కూర్చోబోయి మధ్యలో ఆగిపోయినట్టు ఉండేది. దీన్ని లేపడం నా కర్తవ్యం అని ఒక ఆదివారం పొద్దున్నే జ్ఞానోదయం అయింది. ఎంత లేపాలి? ఒక్క అంగుళం. అంగుళంలో ఏం మునిగిపోతుంది చెప్పండి.

ముందు అందరూ చెప్పే ఉచిత వైద్యమే చేశా, అదే ప్రీలోడ్, అంటే స్ప్రింగుని ముందే కాస్త నొక్కి ఉంచడం. సీ స్పానర్ పెట్టి షాకు మీదున్న మెట్ల కాలర్‌ని చివరి మెట్టుకి తిప్పేయడం. ఇలా తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని బల్లగుద్ది చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళతో నేను వాదన మానేశా. స్ప్రింగు గట్టిదనం తీగ మందం, చుట్టు వెడల్పు, ఎన్ని చుట్లున్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది, కాలర్ తిప్పితే మారేది మనం ఎక్కినప్పుడు బండి ఎంత దిగుతుంది అన్నదొక్కటే. అలా దిగడాన్నే శాగ్ అంటారు. మనిషి కూర్చుంటే సస్పెన్షన్ మొత్తం కదలికలో ఇంచుమించు మూడో వంతు దిగాలి, అప్పుడే గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి జారి నేలని పట్టుకుంటుంది. ఆ దిగడం కూడా లేకుండా బిగించేస్తే షాకు పూర్తిగా సాగిపోయి పైన టక్ మని కొట్టుకుంటుంది.

కొలవాలి కదా మరి. ఇరుసు దగ్గర టేపు పెట్టి, నిటారుగా పైన సీటు కిందున్న బోల్టు దాకా చూడాలి. నేను కూర్చుంటే కొలిచేవాడు లేడు, నేను కొలిస్తే కూర్చునేవాడు లేడు, చివరికి మా తమ్ముణ్ణి ఎక్కించా. వాడు ఎక్కీ ఎక్కగానే ఊపిరి బిగపట్టాడు. "ఒరేయ్, ఊపిరి బిగపడితే బరువు తగ్గదురా, మామూలుగా కూర్చో" అంటే "కొలుస్తున్నావు కదన్నయ్యా" అన్నాడు. మూడుసార్లు కొలిస్తే మూడు లెక్కలొచ్చాయి, నాకు నచ్చింది రాసుకున్నా.

లెక్క ప్రకారం ప్రీలోడుతో పని అవ్వదని తేలింది కాబట్టి షాకులే మార్చేశా. పాతవి కన్ను నుంచి కన్నుకి, అంటే పై బోల్టు రంధ్రం నుంచి కింది బోల్టు రంధ్రానికి, 320 మిల్లీమీటర్లు, కొత్తవి 340. షాకులు కాస్త వాలుగా, ఇరుసుకి కొంచెం ముందు ఉంటాయి కాబట్టి ఇక్కడ 20 పెరిగితే చక్రం దగ్గర ఓ 25 దాకా వస్తుంది, అంటే నేను కోరుకున్న అంగుళమే. (ఇదంతా రెండు షాకుల బండి సంగతి. మధ్యలో ఒకే షాకు, దానికి లింకులు ఉన్న బళ్ళలో షాకు దగ్గర కొంచెం మారినా చక్రం దగ్గర రెండింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే మారుతుంది, వాళ్ళ కర్మ వాళ్ళది.) బిగించి దూరంగా నిలబడి చూసుకుంటే, ఆహా, చింత చచ్చినా పులుపు చావలేదు అనిపించింది.

తర్వాత బండి ఒక్కొక్క ఫిర్యాదూ దాఖలు చేయడం మొదలెట్టింది.

మొదటిది సైడ్ స్టాండు. బండి ఎత్తు పెరిగింది గానీ స్టాండు పెరగలేదు, దాంతో పక్కకి ఎంత వాలిపోయేదంటే చూసినవాళ్ళు పడిపోతోందని పరిగెత్తుకొచ్చి పట్టుకునేవాళ్ళు. సరే డబుల్ స్టాండ్ వేద్దామంటే ఇంతకుముందు గాల్లో తిరిగే వెనక చక్రం ఇప్పుడు నేలకి ఆనింది, స్టాండు కింద చెక్క పెడితే తప్ప చైనుకి ఆయిల్ వేయలేను. చైను కథ ఇంకా బాగుంటుంది. ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) పివట్, వెనక ఇరుసు, ఈ మూడూ ఒకే గీత మీదకి వచ్చినప్పుడు చైను బాగా బిగుస్తుంది, నేనేమో చక్రం వేలాడుతుండగా పుస్తకంలో ఉన్న అంకె చూసి టైట్ చేశా, ఇద్దరం ఎక్కేసరికి అది వీణ తీగలా మోగింది. ఇక రాత్రి పూట హెడ్‌లైట్ వెలుగంతా ముందు చక్రం ముందే పడేది, ఏ గుంటలో పడుతున్నానో బ్రహ్మాండంగా కనిపించేది, పడ్డాకే.

వీటన్నిటికన్నా పెద్దది హ్యాండిల్. వెనక అంగుళం లేస్తే బండి మొత్తం ముందుకి ఓ డిగ్రీ వంగుతుంది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు అంత నిటారు అవుతాయి, ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే గీత నేలని తాకే చోటికీ, ముందు టైరు నేలని తాకే చోటికీ మధ్య దూరం) 6, 7 మిల్లీమీటర్లు తగ్గుతుంది. చెప్పుకుంటే ఇదేపాటి అనిపిస్తుంది. మలుపులో చటుక్కున తిరగడం మజాగానే ఉండేది, తిన్నగా వేగంగా వెళ్తున్నప్పుడు మాత్రం బండికి లేనిపోని సందేహాలు వచ్చేవి.

కిందికి దించే వర్గం ఒకటుంది, వాళ్ళని చూసి నేను ధైర్యం తెచ్చుకునేవాణ్ణి. స్ప్రింగు రెండు చుట్లు కోసేస్తారు, బండి దిగుతుంది నిజమే, చుట్లు తగ్గాయి కాబట్టి మిగిలిన స్ప్రింగు ఇంకా మొండిగా తయారవుతుంది, టైరు మడ్‌గార్డుని ముద్దాడుతుంది, సైలెన్సర్ మలుపుల్లో రోడ్డు మీద ముగ్గు వేస్తుంది, బండేమో స్టాండు మీద మరీ నిటారుగా నిలబడి చిన్న గాలికి అవతలి పక్కకి పడుతుంది. పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టండి అన్నట్టు ఆ పైన స్టాండు కూడా కోస్తారు. ఒకప్పుడు బ్రిటిష్ బైకుల కంపెనీ ట్రయంఫ్ వాళ్ళు వెనక స్ప్రింగుల్ని చక్రం హబ్బులోనే దాచేసి, విప్పొద్దు అని దాని మీదే హెచ్చరిక పెట్టారు. ఆ హెచ్చరిక అన్ని బళ్ళకీ ఉండాల్సింది, నా బండికైతే రెండు వైపులా.

సరే నేను వెనకడుగు వేసే రకం కాదు కాబట్టి ముందు కూడా లేపా. ఫోర్కు గొట్టాలు పై యోక్‌తో (హ్యాండిల్ కింద వాటిని పట్టుకునే బిగింపు) సమానంగా ఉన్నాయి, ఇంకా కిందికి జార్చడానికి ఏం మిగల్లేదు, అందుకని లోపల స్ప్రింగుల మీద ప్లాస్టిక్ పైపు ముక్కలు కోసి పెట్టా. ముందు కూడా ఇంచుమించు అంగుళం లేచింది. డిగ్రీ వెనక్కొచ్చింది, ట్రెయిల్ వెనక్కొచ్చింది, హెడ్‌లైట్ రోడ్డు మీదకి వచ్చింది, హ్యాండిల్ మళ్ళీ కంపెనీ వాళ్ళు పెట్టినట్టే ప్రశాంతంగా ఉంది. ఒక్కటే ఇబ్బంది, ఆగినప్పుడు నా కాళ్ళు నేలకి సరిగ్గా అందట్లేదు. దానికీ మందుంది, సీటు విప్పించి లోపల స్పాంజి ఒక అంగుళం కోయించా.

ఇప్పుడు నేను కూర్చునే ఎత్తు మొదట ఎంతుందో అంతే. నిన్న మా తమ్ముడు ఓ రౌండు వేసొచ్చి, బండి దిగి నడుము పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నయ్యా, వెనక బాగా కొడుతోంది, ఆ షాకులేవో మార్చించరాదూ?"